నలభై నెంబరు ఆయిల్, నంజమ్మత్త కారం

మా బైరప్ప మామ కారులో ముందు సీటు ఆయిల్ డబ్బాది, వెనక సీటు నంజమ్మత్తది. ఇదేదో ఒకనాటి సర్దుబాటు కాదు, ఇరవై నాలుగేళ్ళు నడిచిన ఏర్పాటు. డిక్కీలో పెడితే డబ్బా పొర్లుతుంది, వెనక సీట్లో పెడితే కుదుపులకు మూత వదులవుతుంది, కాబట్టి అది తన కళ్ళముందే ఉండాలని మామ వాదన. అత్త పొర్లే రకం కాదు గనుక వెనక కూర్చోవచ్చు. ఈ మాట ఆయన అత్త ఎదుట కూడా అనేవాడు, అదీ ఆయన ధైర్యం.

నా పేరు శ్రీనివాసప్ప. జవళగిరి బ్రాంచి పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా చేశాను. బైరప్ప మామ మా అమ్మకు తమ్ముడు. జనం ఉత్తరాలు రాసుకోవడం తగ్గించాక నాకు తీరిక పెరిగింది, ఆ తీరికలో సగం మామ కారు వెనక సీట్లోనే గడిచింది. అందుచేత నేను చెప్పేవన్నీ వెనక సీట్లోంచి చూసినవి. ఒక్కచోట మాత్రం కిందికి దిగి ఒక పని చేశాను. దిగకుండా ఉంటే బాగుండేదని అత్త ఇప్పటికీ అంటుంది.

కారు 1955 నాటి లాండ్‌మాస్టర్. బూడిద రంగు, గుండ్రని వీపు. తళి దగ్గర తోట అమ్ముకుని వెళ్ళిపోతున్న ఒక కాంట్రాక్టరు దగ్గర 1979లో మామ దాన్ని కొన్నాడు. అందుకోసం ఒక జత ఎద్దుల్ని అమ్మాడు. అత్త ఎద్దుల కోసం రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎద్దులైతే పేడన్నా వేస్తావుండె. ఇది ఏం వేస్తాదయ్యా?"

"ఆయిల్ వేస్తాది," అన్నాడు మామ.

నోటికి వచ్చింది అనేశాడు గాని, ఆ మాటే తర్వాత అక్షరాలా నిజమైంది. అది చెప్పేముందు ఆయిల్ సంగతి చెప్పాలి.

పాత కారుకు ఏ ఆయిల్ పోయాలి అనే విషయంలో మామకు ఒక సిద్ధాంతం ఉండేది. అడిగినవాడికీ చెప్పేవాడు, అడగనివాడికీ చెప్పేవాడు. ఒకసారి పెళ్ళి పందిట్లో భోజనాల పంక్తిలో పురోహితుడికి చెబుతుంటే నేనే చేయి పట్టి లాక్కొచ్చాను.

"పాత ఇంజను ముసిలోళ్ళ మోకాళ్ళ మాదిరప్పా. సందులన్నీ వదులై ఉంటాయి. పలచని ఆయిల్ పోస్తే నిలవదు, కారిపోతాది. మరీ చిక్కనిది పోస్తే చలికాలం పొద్దున్నే పైకి ఎక్కదు, ఇంజను ఎండిపోయి గరగరమంటాది. నలభై నెంబరు, అంతే. డబ్బా మీద ఏం రాసింటే ఏమి, నా గోరు చెప్పల్ల."

గోరు చెప్పడం అంటే ఇది. అప్పట్లో అంగళ్ళలో ఆయిల్‌ను పీపాల్లోంచి విడిగా పోసి అమ్మేవాళ్ళు. మామ ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఒక బొట్టు వేయించుకుని, వేలు వాలుగా వంచి, రాగులు కొలిచేటప్పుడు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టేవాడు. కొలతలో ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టి ఆరున్నొకటి అనేటప్పటికి బొట్టు గోటి కొసకు చేరాలి. ముందే చేరితే పలచన, పది దాటినా చేరకపోతే మడ్డి. డెంకణికోటలో ఇద్దరు అంగడివాళ్ళు మామ కారు చప్పుడు వినబడగానే పీపా మీద గోనెపట్టా కప్పేసేవాళ్ళు.

కృష్ణగిరిలో తిమ్మరాజు అంగడి మాత్రం వేరు. 1994లో ఒకరోజు మామ ఆయన పీపా దగ్గర నిలబడి, ఐదు దగ్గరే జారిపోయిన బొట్టును చూసి, ఇది నలభై కాదు అన్నాడు. తిమ్మరాజుకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నవాడికి ఒక రాగుల రైతు వచ్చి గోరు చూపిస్తే మండదా మరి. ఇద్దరూ అరుచుకున్నారు. చివరికి పీపా తిప్పి చూస్తే వెనకవైపు ముప్పై అని రాసి ఉంది, పనివాడు పొరబాటున దాన్ని తెరిచాడు. తిమ్మరాజు లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి మామకు వేశాడు. అప్పటి నుంచి మామకు కృష్ణగిరి అంటే ఆ కుర్చీయే.

ఇక ఏనుగుల దగ్గరికి వస్తాను. మాది అడవి అంచు ఊరు. రాగులు వెన్ను వేసి ముదిరే వేళకు కర్ణాటక అడవిలోంచి ఏనుగులు దిగుతాయి. అవి దిగితే చేలో గింజ మిగలదు. అందుకని చేను చుట్టూ గుంజలు పాతి, తాడు కట్టి, ఆ తాడుకు ఇంజను లోంచి తీసేసిన నల్ల ఆయిల్‌లో మిరపపొడి కలిపి పూస్తారు. మనిషికి బెత్తెడు ముక్కుంటేనే కారం ఘాటు తట్టుకోలేడు, ఏనుగుకు బారెడు ముక్కు. అది నిజంగా దానికి భయపడుతుందా అంటే, ఏనుగులు నాకు చెప్పలేదు. ఊరు మాత్రం నమ్మింది. బస్సు ఆయిల్, ట్రాక్టరు ఆయిల్ కూడా వాడి చూసి, బైరప్ప కారు ఆయిలే మంచిదని తీర్మానించింది. అంత కంపు మరి దేనికీ లేదట.

దాంతో కార్తీకం వస్తే చాలు, జనం డబ్బాలు పట్టుకుని మామ గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. కాదనలేక మామ మార్చాల్సిన దానికంటే రెండింతలు ఎక్కువసార్లు ఆయిల్ మార్చేవాడు. ఎప్పుడూ కొత్త ఆయిల్ తాగుతున్న ఇంజను నవనవలాడుతూ ఉండేది. ఏనుగుల భయం మాకు, ఆరోగ్యం కారుకు. ఎద్దుల పేడకు బదులుగా కారు ఆయిల్ వేస్తుందని మామ అన్న మాట ఆ విధంగా నిజమైంది.

అయితే 2002లో మామ ఒక తప్పు చేశాడు. తీసిన నల్ల ఆయిల్ అంతా ఊరికి పంచేశాడు, తన చేనుకు చుక్క మిగుల్చుకోలేదు. మళ్ళీ మార్చుదామంటే కొత్త ఆయిల్ లేదు. డెంకణికోటలో బొట్టు ఐదు దగ్గరే జారిందని కృష్ణగిరికి పోయాడు. తిమ్మరాజు కుర్చీ వేశాడు, మాటల్లో పొద్దుపోయింది, అక్కడే పడుకున్నాడు. తెల్లారి వచ్చేసరికి రెండు ఎకరాల రాగి చేను తొక్కిన కల్లంలా ఉంది. అత్త గట్టు మీద చేతులు వేలాడేసుకుని నిలబడి ఉంది. అంతకుముందు ఎద్దుల కోసం రెండు రోజులు ఏడ్చిన మనిషి ఆ రోజు ఏడవలేదు. ముందు సీట్లో కూర్చున్న కొత్త ఆయిల్ డబ్బా వైపు చూసింది, అంతే.

ఆ సాయంకాలం నా ఎదుటే చెప్పింది.

"శీనప్పా, నువ్వు సాక్షి. వచ్చే ఏడు మన రాగుల్లో ఒక్క ఏనుగు కాలు పెడితే ఈ కారు హోసూరు గుజిరీకి పోతాది. నేనే ముందు సీట్లో కూసోని తోలిస్తా. ఆ డబ్బా దిగల్ల, నేను ఎక్కల్ల."

గుజిరీ అంటే పాత ఇనుము కొనే అంగడి. మామ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అత్త ఊరికే మాట అనదు, అంటే వెనక్కి తీసుకోదు. మామ ఆ ఏడాదంతా కారును తుడుస్తూ, మధ్యలో చేను వైపు చూస్తూ గడిపాడు.

2003 వేసవిలో మామ కూతురు ప్రేమకు పెళ్ళయింది. అల్లుడు శశికుమార్‌ది అత్తిముగం, హోసూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బుద్ధిమంతుడు, సాయం చేయడమంటే ఎంత ఇష్టమంటే, వద్దన్నా చేస్తాడు. ఆ ఏడు మొదటి దీపావళికి కొత్త అల్లుడు అత్తవారింటికి వచ్చాడు. ఆ ఇంట్లో దీపావళి అంటే మనుషులకు తలంటు, కారుకు కొత్త ఆయిల్. మామ నెత్తిన ఆముదం కారుతుండగానే కారు కిందికి దూరి బోల్టు తిప్పి నల్ల ఆయిల్ దించేశాడు. బయటికి వచ్చేసరికి ఎదురుగా అల్లుడు నిలబడి ఉన్నాడు. చేతిలో బంగారు రంగు డబ్బా. పట్టుకోవడానికి పిడి, బిర్రుగా బిగిసే ఎర్ర మూత.

"మామా, మీకని బెంగుళూరు నుంచి తెప్పిచ్చినాను. సింథటిక్. ఇప్పుడొచ్చే కొత్త కార్లకంతా ఇదే పోస్తారు."

మామ మూత తీసి గోటి మీద ఒక బొట్టు వేసుకున్నాడు. లాభం అనబోయాడు. ల అనేలోపల బొట్టు గోరు దాటి, అరచెయ్యి దాటి, మోచేతి దాకా పోయింది. ఆయన ముఖం చూసి నేను పక్కకు తిరిగి నవ్వు దాచుకున్నాను.

"బాగుండాదా మామా?" అన్నాడు శశికుమార్.

"బాగుండాదప్పా," అన్నాడు మామ మోచెయ్యి తుడుచుకుంటూ. "శానా చురుగ్గా ఉండాది."

మొదటి దీపావళికి అల్లుడు తెచ్చింది కాదంటే కూతురు ముఖం ఏమవుతుంది. మింగలేక కక్కలేక మామ ఆ నాలుగు లీటర్లూ తన చేత్తోనే ఇంజనులో పోశాడు. మందు పోస్తున్నవాడిలా కాదు, కల్తీ పాలు బిడ్డకు పడుతున్నవాడిలా పోశాడు.

మొదటి రెండు రోజులు కారు చప్పుడు లేకుండా పోయింది, అల్లుడు మురిసిపోయి హోసూరు వెళ్ళాడు. మూడో రోజు కారు కింద చుక్క కనబడింది. నాలుగో రోజు చుక్కలు ముగ్గు వేసినట్టు కనబడ్డాయి. వారానికి వెనక గొట్టంలోంచి నీలం పొగ మొదలైంది. పాత ఇంజను సందులకు ఆ నీళ్ళలాంటి ఆయిల్ ఏం నిలుస్తుంది. మామ అత్తకు తెలియకుండా కారు కింద స్నానాల బేసిను పెట్టాడు, తగ్గినప్పుడల్లా తన నలభై నెంబరు కొంచెం కొంచెం పోస్తూ వచ్చాడు. స్నానాలకు బేసిను దొరక్క ఇల్లంతా వెతికింది అత్త.

ఈసారి దింపిన నల్ల ఆయిల్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వలేదు ఆవిడ. తనే కూర్చుని గుంటూరు మిరపకాయలు దంచి, పొగాకు కాడలు చేర్చి, ఆవకాయ కలిపినంత శ్రద్ధగా కలిపింది. ఐదు రోజులు ఊరాలి, శుక్రవారం తాడుకు పూయాలి అని లెక్క వేసింది. దేంట్లో ఊరబెట్టాలి అని చూస్తే ఎదురుగా అల్లుడి బంగారు డబ్బా ఖాళీగా ఉంది. మూత బిర్రుగా పడే డబ్బాను పారేసే ఆడది మా వైపు ఇంకా పుట్టలేదు. అందులో నింపింది. ఇంట్లో పెడితే కంపని కారు డిక్కీలో స్టెప్నీ చక్రానికి తాడుతో కట్టింది. ఈ సంగతి మామకు తెలుసు. నాకు తెలియదు. శశికుమార్‌కు అసలే తెలియదు.

గురువారం నాడు ప్రేమా శశికుమారూ బస్సులో డెంకణికోట దాకా వచ్చారు. వాళ్ళను తీసుకురావడానికి మామా నేనూ కారులో వెళ్ళాం. సాయంకాలం అయిదున్నర వేళ తిరిగి వస్తుంటే, ఊరికి ఇంకా రెండు మైళ్ళు ఉందనగా ఫారెస్టు వాచరు చెయ్యి అడ్డం పెట్టాడు. తొమ్మిది ఏనుగులు వాగు దాటాయట, ఎటు తిరిగాయో పక్కనున్న రాతిగుండు ఎక్కితే కనబడుతుందట. మామ కారు నిలిపి, ఇంజను కట్టేసేముందు ఆయిల్ చూపే ముల్లు చూశాడు. అది పడిపోయి ఉంది. ముందు సీట్లో డబ్బా ఎత్తి ఊపాడు. ఖాళీ.

"రెండు నిమిషాలు ఈడే ఉండండప్పా," అని వాచరుతో గుండు ఎక్కాడు.

అల్లుడు ఊరికే ఉండే రకం కాదని చెప్పాను కదా. దిగాడు, డిక్కీ తెరిచాడు, ముఖం వెలిగిపోయింది.

"అన్నా, నేను తెచ్చింది ఇంకా మిగిలుండాదే. మామ దాచిపెట్టుకోనుండాడు."

నేను దిగి గరాటు పట్టుకున్నాను. నేను చేసిన ఆ ఒక్క పని ఇదే. నాకు నాలుగు రోజులుగా జలుబు, ముక్కు పనిచేయడం లేదు. మసక వెలుతురు. నల్లగా చిక్కగా పడుతోంది, ఇదేంటని అనిపించింది. కానీ ఫ్యాక్టరీ మనిషి పోస్తుంటే పోస్టాఫీసు మనిషి ఏమంటాడు. సగం డబ్బా పోశాక శశికుమార్ చెయ్యి మండుతోందన్నాడు. చొక్కాతో తుడుచుకుని, అదే చేత్తో కన్ను తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆ కన్ను తెరుచుకోలేదు.

మామ గుండు మీదనుంచి దాదాపు దొర్లుకుంటూ వచ్చాడు. "మన రాగుల పక్కకే మళ్ళినాయి. ఎక్కండి, ఎక్కండి." కారు కదిలింది. ముల్లు లేచింది. ఆయిల్ పోశామని శశికుమార్ ఒంటికన్నుతో సంతోషంగా చెప్పబోయాడు, మామ వినే స్థితిలో లేడు.

"ఏం భయం లేదు. డిక్కీలో మీ అత్త కలిపిన కారం ఆయిల్ ఉండాది. పోయిన వెంటనే తాడుకు పూసేస్తాం."

నేనూ శశికుమారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"మామా," అన్నాడు శశికుమార్ మెల్లగా, "ఆ బంగారు డబ్బాలో ఉండేది నేను తెచ్చిన ఆయిల్ కదా?"

"అది దీపావళికే అయిపోయె కదప్పా. ఏల?"

ఏల అన్నదానికి జవాబు చెప్పనక్కర లేకపోయింది. కాళ్ళ దగ్గర పలక సందులోంచి సన్నగా పొగ లేచింది. మొదట ప్రేమ తుమ్మింది. తర్వాత నేను. నాలుగు రోజుల జలుబు ఒక్క క్షణంలో విడిచిపోయింది. ఇంజను సందుల్లోంచి కారిన ఆయిల్ కాలే గొట్టం మీద పడి, గుంటూరు మిరపకాయ ఘాటంతా కారులోకి ఎక్కుతోంది.

మామకు అర్థమైంది. ఆయన కాలు బ్రేకు మీదికి పోవడం నేను వెనకనుంచి చూశాను. ఆపితే ఇంజను బతుకుతుంది, కడిగి శుభ్రం చేసుకోవచ్చు. కానీ రాగులు పోతాయి. రాగులు పోతే ఎలాగూ కారు గుజిరీకి పోతుంది. ఆపకపోతే ఇంజను ఇక్కడే పోతుంది. ఏనుగు చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే అంటారు గాని, కారుకు ఆ లెక్క లేదు. మామ ఒక తుమ్ము తుమ్మి, బ్రేకు మీదనుంచి కాలు తీసేశాడు.

చేను దగ్గరికి వచ్చేసరికి ఏనుగులు అడవి అంచున నిలబడి ఉన్నాయి. ముందొక పెద్ద ఆడ ఏనుగు, దాని వెనక మిగతావి. అత్త గట్టు మీద ఒక్కతే నిలబడి, పళ్ళెం గరిటెతో కొడుతోంది. మామ కారును చేను పక్క బండిదారిలోకి తిప్పాడు. ఆ దారి చేను చుట్టూ తిరిగి, అడవివైపు ఏనుగులకూ రాగులకూ మధ్యలో పోతుంది. మొదటి గేరులో, హారన్ మోగిస్తూ, తల కిటికీ బయట పెట్టి తుమ్ముతూ తోలాడు. వెనక గొట్టంలోంచి వచ్చే పొగ నీలం రంగు దాటిపోయి గోధుమరంగులో గోడలా లేచింది. గాలి అడవివైపు ఉండడం మా అదృష్టం. ప్రేమ ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ తుమ్ముతోంది. శశికుమార్ రెండు కళ్ళూ మూసుకుని, "తప్పయిపోయింది మామా, తప్పయిపోయింది" అంటున్నాడు. నాకు ఎందుకో ఆపుకోలేనంత నవ్వు వచ్చింది, చచ్చిపోతానేమో అనిపించినా ఆగలేదు.

రెండో చుట్టులో పెద్ద ఏనుగు తొండం ఎత్తింది. తర్వాత తుమ్మింది. ఏనుగు తుమ్మితే ఎట్లా ఉంటుందో నేను ఆ రోజే విన్నాను, రేకుల షెడ్డు మీద ఇసుక బస్తా పడినట్టు ఉంటుంది. అది వెనక్కి తిరిగింది. దాని వెనకే ఎనిమిదీ తిరిగాయి. కారం పనిచేసిందో, పొగ పనిచేసిందో, మేం నలుగురం కలిసి తుమ్మిన తుమ్ములు పనిచేశాయో నాకు తెలియదు. చేలో ఒక్క కాలు కూడా పడలేదు.

మూడో చుట్టులో ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. మామ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కూర్చున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కారం వల్ల అని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. నేను నమ్మలేదు.

అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. జరిగింది ప్రేమ చెప్పింది. అత్త మామ పక్కన కిటికీ దగ్గర నిలబడింది.

"ఇంజన్లో నా కారం ఉండాదని తెలిసే తోలినావా?"

"తెలిసే తోలినా."

"ఇంజను పోతాదని తెలిసే?"

"పోతే పోనీలే," అన్నాడు మామ. "పోయినేడు గట్టు మీద నువ్వు నిలబడుకోనుంటివి చూడు. మళ్ళా అట్ల నిన్ను చూడలేను నంజీ."

అత్త ఏదో అనబోయి గట్టిగా తుమ్మింది. ఇంకోసారి తుమ్మింది. తర్వాత కొంగుతో మామ ముఖం తుడిచింది. ఆ కొంగు మొన్న మిరపకాయలు దంచినప్పుడు కట్టుకున్న చీరదే కాబట్టి మామ కెవ్వుమన్నాడు.

మర్నాడు కారును ఇంటికి లాగడానికి పక్కింటి ఎద్దుల్ని అడిగి తెచ్చారు. ఎద్దులు కారును లాగుతుంటే అత్త వాటి వెనకే చాలా తృప్తిగా నడిచింది. డబ్బాలో మిగిలిన సగం కారం నేనూ శశికుమారూ తాడుకు పూశాం. కోతల దాకా ఏనుగులు రాలేదు. డెంకణికోట మెకానిక్కు వచ్చి ఇంజను విప్పితే అడుగున జల్లెడలో మిరపగింజలు దొరికాయి. అతను రెండు రోజులు కళ్ళు నలుపుకుంటూ పనిచేసి, మూడో రోజు బేరింగులు బతికే ఉన్నాయని చెప్పాడు. శశికుమార్ ఆరు ఆదివారాలు వచ్చి ప్రతి ముక్కనూ కిరసనాయిలుతో కడిగాడు, ఎవరూ అడగకపోయినా. రాగులు కోసి, నూర్చి, పాతరకు చేరాయి. మాఘమాసంలో కారు మళ్ళీ పలికింది.

మెకానిక్కు ఏదో చేతికి దొరికిన ఆయిల్ పోశాడు, అది మార్చాలి. మామ బయలుదేరుతుంటే నేను అలవాటుగా వెనక సీటెక్కాను. అప్పుడు లోపలినుంచి అత్త వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. ముందు తలుపు తీసి, సీటు మీదున్న ఖాళీ డబ్బాను ఒక చేత్తో ఎత్తింది.

మామ ముఖం తెల్లబోయింది. ఆ డబ్బా దిగల్ల, నేను ఎక్కల్ల అన్న మాట ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది.

"హోసూరుకా?" అన్నాడు మెల్లగా. "ఏనుగు కాలు పెట్టలేదు కదే."

"కృష్ణగిరికి," అంది అత్త. "ఆయిల్ కొనేదానికి. ఇన్నేండ్లు ఏం పోస్తావుండావో నేనూ చూడల్ల."

"మరి డబ్బా యాడ పెట్టేది?"

"నా ఒళ్ళో పెట్టుకుంటా. తోలు."

అయినా మామ హోసూరు దారి పట్టలేదు. డెంకణికోట, రాయకోట మీదుగా చుట్టు తిరిగి పోయాడు. ఎందుకన్నా మంచిదని.

తిమ్మరాజు మామను చూసి కుర్చీ తెచ్చాడు. మామ కూర్చోలేదు, అత్తను కూర్చోమన్నాడు. అత్త కూర్చుని ఎడమచేతి బొటనవేలు చాపింది. పసుపు అంటిన గోరు. తిమ్మరాజు మామ వైపు చూశాడు, మామ పొయ్యమన్నట్టు తలూపాడు. బొట్టు పడింది. వేలు వంచి, కల్లంలో రాగులు కొలిచే గొంతుతోనే అత్త లెక్కపెట్టింది. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆరున్నొకటి అనేసరికి బొట్టు గోటి కొసన నిలబడింది.

"ఇదే," అంది అత్త. "మా కారుకు ఇదే పొయ్యప్పా."

ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ దాన్ని మా కారు అనడం నేను వినడం అదే మొదటిసారి. మామ విన్నాడో లేదో గాని, పీపా వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సీటంతా నాదే. ముందు సీట్లో అత్త, ఆమె ఒళ్ళో నిండు డబ్బా, రెండు చేతులూ మూత మీద. రాయకోట దాటాక మామ కొంచెం వేగం పెంచాడు.

"మెల్లగా తోలయ్యా," అంది అత్త. "తొణుకుతాది."

మామ మెల్లగా తోలాడు. ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది.